యాంగోన్ వంటింట్లో పప్పు సూపులు: అపోహలు – వాస్తవాలు

మయన్మార్‌లోని యాంగోన్‌లో ఏ చిన్న అన్నం కొట్టులో కూర్చున్నా కూరలతోపాటు గిన్నెడు వేడి సూపు వస్తుంది. ముద్దకూ ముద్దకూ మధ్య చెంచాతో తాగుతారు. ఒక రోజు గోంగూర పుల్లసూపు, మరో రోజు సొరకాయ, ఇంకో రోజు మునగాకు, శనగపప్పు. మన పెద్దలు ‘రంగం’ అని పిలుచుకున్న ఊరు ఇది. కోరంగి నుంచి, విశాఖ నుంచి ఓడలెక్కి వచ్చి ఇక్కడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన తెలుగువాళ్లకు ఈ ఊరి సంతలో గోంగూర, అరటి దూట, మునగ కొత్తగా అనిపించి ఉండవు.

ఇంత దగ్గరి వంటే అయినా, మాంసం, చేప, గుడ్డు, పాలు అన్నీ మానేసి వీగన్‌గా బతకాలనుకునేవాళ్లు సూపు దగ్గర రెండు రకాలుగా పొరబడుతున్నారు. కొందరు దాన్ని జ్వరమొచ్చినప్పుడు తాగే పథ్యంగా చూసి పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు ఆకు, నీళ్లు, ఉప్పు మరిగించుకుని తాగి, అదే భోజనమనుకుంటారు. కొన్నాళ్లకు నీరసం వస్తుంది. అప్పుడు నింద మొక్కల తిండి మీద పడుతుంది. మంచి మనసుతో మొదలుపెట్టిన పని అలా సగంలో ఆగిపోతుంటే నాకు బాధేస్తుంది. ఆగాల్సిన అవసరమే లేదు. కావలసిన సరుకంతా యాంగోన్ సంతలో ఉంది, హైదరాబాద్‌లోనూ కాకినాడలోనూ ఉంది.

అపోహ: సూపు అంటే నీళ్లే, గంటలో మళ్లీ ఆకలేస్తుంది.

గింజ లేని సూపు విషయంలో ఇది నిజమే. గింజ ఉన్న సూపు సంగతి వేరు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం 1999లో ఒక ప్రయోగం చేసింది. ఒకే వంటకాన్ని అదే మనుషులకు ఒక రోజు ఉన్నదున్నట్టుగా, ఒక రోజు పక్కన గ్లాసుడు నీళ్లతో, ఒక రోజు అవే నీళ్లు పోసి సూపుగా కాచి పెట్టారు. సూపు తాగిన రోజు తర్వాతి భోజనం తక్కువ తిన్నారు. పక్కన నీళ్లు తాగిన రోజు ఆ తేడా రాలేదు. 2007లో అక్కడే జరిగిన మరో పరిశీలనలో, భోజనానికి ముందు సూపు తాగితే సూపుతో కలిపి లెక్కేసినా ఆ పూట తిన్న కేలరీలు 20 శాతం దాకా తగ్గాయి. నీళ్లు తిండిలో కలిసి ఉడికినప్పుడు కడుపులో చోటు ఆక్రమిస్తాయి. దానికి పప్పులోని ప్రొటీన్, పీచు, పోపులోని కాస్త నూనె తోడైతే ఆకలి పూటంతా ఆగుతుంది.

అపోహ: పప్పు ఉడికిన నీళ్లలోకి సారమంతా దిగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. మన ఇళ్లల్లో పసిపిల్లలకు పప్పు మీది తేట వంచి పెడతారు, బాలింతకు కట్టు పోస్తారు, కోలుకుంటున్నవాళ్లకు చారునీళ్లు తాగిస్తారు. పెట్టే చేతుల్లో ప్రేమకు లోటు లేదు, కానీ ఆ గిన్నెలో ప్రొటీన్ చాలా తక్కువ. ఉడికించిన నీళ్లలోకి కొంత పిండిపదార్థం, కొన్ని లవణాలు, కొన్ని బి విటమిన్లు దిగుతాయి. ప్రొటీన్‌లో అధికభాగం గింజలోనే ఉండిపోతుంది. యాంగోన్‌లోనూ ఇదే తంతు. పప్పు సూపు గిన్నెలో గింజలు అడుగుకు చేరతాయి, గరిటె పైపైన తిరుగుతుంది. గరిటె అడుగుదాకా వెళ్లాలి. అంతకంటే మంచిది, ఉడికిన పప్పులో సగాన్ని పప్పుగుత్తితో మెత్తగా మెదిపి సూపులో కలిపేయడం. చిక్కదనం వస్తుంది, గింజ వదిలేసి నీళ్లు తాగే వీలుండదు.

లెక్క కూడా చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. శనగపప్పులోనూ అంతే. పెసరపప్పు, వేరుశనగ 24 దగ్గర ఉంటాయి, సోయా గింజలు 36 దాటతాయి. పెద్దవాళ్లకు రోజుకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ఆ సంస్థే చెబుతోంది. అంటే 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు. అది నాణ్యమైన ప్రొటీన్ లెక్క కాబట్టి, పూర్తిగా పప్పుధాన్యాల మీద ఆధారపడేవాళ్లు కిలోకు ఒక గ్రాము అనుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఒక మనిషి గిన్నెలోకి 60 గ్రాముల పచ్చి కందిపప్పు ఉడికించి, దించేముందు 30 గ్రాముల వేయించిన పల్లీల పొడి కలిపితే 20 గ్రాముల ప్రొటీన్ వచ్చేస్తుంది. రెండు పూటలా అలాంటి గిన్నె ఉంటే, మిగిలింది అన్నం, కూర చూసుకుంటాయి.

పప్పుకు మయన్మార్‌లో కొరత లేదు. యాంగోన్‌లోని బేయిన్నౌంగ్ టోకు మార్కెట్‌లో బస్తాలకు బస్తాలు చేతులు మారతాయి. 2021లో భారత ప్రభుత్వం మయన్మార్ నుంచి ఐదేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు దిగుమతి చేసుకోవడానికి ఒప్పందం చేసుకుంది. మన ఇళ్లల్లో గారెలకు నానే మినుముల్లో కొన్ని ఇక్కడి పొలాల్లో పండినవే.

అపోహ: టోఫు అంటే సోయా. సోయా పడనివాళ్లకు టోఫు సూపు లేనట్టే.

మయన్మార్‌లోని షాన్ రాష్ట్రపు టోఫును ఒక్కసారి తింటే ఈ మాట అనరు. దాన్ని శనగపిండితో, లేదా పచ్చ బఠానీల జాతికే చెందిన పసుపు బఠానీ పిండితో చేస్తారు. పసుపు వేస్తారు కాబట్టి ముద్ద బంగారు రంగులో ఉంటుంది. సోయా టోఫుకు సోయా పాలను విరగ్గొట్టాలి, నీళ్లు పిండేయాలి. షాన్ టోఫుకు విరుగుడు పనే లేదు. పిండిలోని గంజి, ప్రొటీన్ వేడికి చిక్కబడి, చల్లారేటప్పుడు గట్టిపడతాయి. నీళ్లేవీ పిండరు కనుక గట్టి సోయా టోఫుతో పోలిస్తే ముక్కలో ప్రొటీన్ తక్కువే. ఎంత పిండి పోశారో అంత లెక్క అనుకోవాలి.

గట్టిపడకముందు, పొయ్యి మీదే వేడివేడిగా గిన్నెలోకి వంచుకునేదాన్ని తోహు న్వే అంటారు. నాకు యాంగోన్ సూపుల్లో ఇదే మిన్న అనిపిస్తుంది, ఇంట్లో చేసుకోవడానికి ఇంతకంటే తేలికైనది లేదు. ఒకరికి 60 గ్రాముల శనగపిండిని అర లీటరుకు కాస్త తక్కువ నీళ్లలో ఉండలు లేకుండా కలిపి గంటసేపు నాననివ్వాలి. వడకట్టి, ఉప్పు, పసుపు వేసి, సన్నని మంట మీద ఆపకుండా కలపాలి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా చిక్కబడుతుంది. పచ్చివాసన పోయి మెరుపు వచ్చేదాకా ఇంకో ఐదారు నిమిషాలు కలపాలి. అప్పటికి అందులో 13 గ్రాముల ప్రొటీన్ ఉంది. ఉడికించిన బియ్యపు నూడుల్స్ మీద దాన్ని పోసి, వెల్లుల్లి వేయించిన నూనె, ఎండుమిర్చి కారం, నువ్వులు, పల్లీల పొడి, ఊరవేసిన ఆవాకు వేసుకుంటారు. పల్లీలు, నువ్వులతో లెక్క 20 దాటుతుంది. కరెంటు కోతల ఊళ్లో బొగ్గుల కుంపటి మీద కూడా తెమిలే వంట ఇది. బయట తినేటప్పుడు మాత్రం పైన కోడి కూరో పంది కూరో వేస్తారు, ముందే వద్దని చెప్పాలి.

అపోహ: కూరగాయల సూపు వీగన్ సూపే.

కళ్లకు ఆకులే కనిపిస్తాయి. రుచి మాత్రం చాలాసార్లు ఙపిది, అంటే ఊరబెట్టిన చేప లేదా రొయ్య ముద్దది. దానికి తోడు దంచిన ఎండు రొయ్యలు, కోడి మాంసం పొడి. గోంగూర సూపులో అయితే ఎండు రొయ్యలు పడటం దాదాపు ఆచారం. ‘థెట్ థట్ లుట్’ అన్న బోర్డు ఉన్న కొట్టు ప్రాణం తీయని తిండి పెట్టేది కాబట్టి మాంసం, చేప ఉండవు. అయినా పాలకు ఆ మాట అడ్డు చెప్పదు. మిగతా చోట్ల ‘ఙపి మథేబానే, బజూన్‌చౌక్ మథేబానే’ అని చెప్పాలి. ఙపి వేయొద్దు, ఎండు రొయ్యలు వేయొద్దు అని. మన వైపు సాంబారులో నెయ్యి పోపు పెట్టే వంటవాళ్లనూ ఇలాగే అడగాలి.

ఇంట్లో ఙపి లేకపోతే రుచి ఉండదని భయపడేవాళ్లకు షాన్ వంటిల్లే జవాబు. ఊరబెట్టిన సోయాను పల్చటి బిళ్లలుగా ఎండబెట్టి అమ్ముతారు, పెబోక్ అంటారు. నిప్పుల మీద కాల్చి, పొడి చేసి సూపులో వేస్తే ఆ లోతైన రుచి వస్తుంది. ఎండు పుట్టగొడుగులూ ఆ పని చేస్తాయి. మొహింగా చేపల సూపే అయినా దాని చిక్కదనం వేయించిన శనగపిండిది, బియ్యప్పిండిది. నిమ్మగడ్డి, అల్లం, అరటి దూట, కాల్చిన పెబోక్‌తో చేప లేని మొహింగా ఇంట్లో చక్కగా కుదురుతుంది. అందులో నంచుకునే శనగపప్పు వడలు మన మసాలా వడలకు దగ్గరి చుట్టాలే.

అజినమోటో ఎముకల నుంచి తీస్తారన్న మాట కూడా తెలుగునాట విన్నాను. ఇప్పుడు దాన్ని చెరకు మడ్డి, కర్రపెండలం గంజి వంటివి పులియబెట్టి చేస్తారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా మొదట ఆ రుచిని గుర్తించింది కూడా సముద్రపు నాచులోనే. వాడాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది, వీగన్‌కు అది నిషేధం కాదు.

అపోహ: ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదు.

తరతరాలుగా ఈ మాటే వింటున్నాం, కానీ గింజను బిగబట్టేది ఉప్పు కాదు, పులుపు. గింజ తొక్కలోని పెక్టిన్‌ను క్యాల్షియం, మెగ్నీషియం గట్టిగా పట్టి ఉంచుతాయి. ఉప్పులోని సోడియం వాటిని కొంత పక్కకు నెట్టి తొక్కను మెత్తబరుస్తుంది. అందుకే శనగలు నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేయడం మేలు చేస్తుంది. చింతపండు, టమాటా, గోంగూర వేస్తే మాత్రం పెక్టిన్ కరగదు, గంటసేపు ఉడికించినా గింజ బిరుసుగానే ఉంటుంది. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు వేయాలి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లూ ఇదే ఇబ్బంది పెడతాయి.

అపోహ: నానబెట్టిన నీళ్లు పారబోస్తే సత్తువ పోతుంది.

పోయేది కొద్దిపాటి విటమిన్లు, లవణాలు. వాటితోపాటు కడుపుబ్బరం తెచ్చే చక్కెరలూ పోతాయి, అది లాభమే. మొలకెత్తిస్తే అవి ఇంకా తగ్గుతాయి. యాంగోన్ ఉదయాల్లో నాన్‌తో తినే పెబ్యోక్ మొలకెత్తించి ఉడికించిన బఠానీలే, కొత్తగా పప్పులకు అలవాటు పడేవాళ్లు వాటితో మొదలుపెట్టొచ్చు.

కొన్ని గింజల విషయంలో నీళ్లు పారబోయడం ప్రాణరక్షణ కూడా. ఈ ఊరి పేరుతోనే ఒక పాఠం ఉంది. 20వ శతాబ్దం మొదట్లో ‘రంగూన్ బీన్స్’ పేరుతో యూరప్‌కు ఎగుమతైన లైమా చిక్కుడు గింజల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉందని అక్కడి రసాయన శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. తెల్ల రకాల్లో అది తక్కువ, ముదురు రంగువాటిలో ఎక్కువ. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్తగా ఎక్కువ నీళ్లు పోసి, మూత లేకుండా తెర్లనిచ్చి, ఆ నీళ్లూ వంచేస్తే భయం లేదు. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, అందుకే మూత పెట్టొద్దనేది. రాజ్మాలో ఉండే లెక్టిన్ వేరే రకం విషం. దాన్ని పూర్తి మరుగులో అరగంట ఉడికించాలి. సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉంచే కుక్కర్లలో పచ్చి రాజ్మా వేయకూడదు.

ఉడికే పప్పు మీది నురగ కీళ్లవాతం తెచ్చే యూరిక్ యాసిడ్ అని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఆ నురగ సపోనిన్లు, కొంత ప్రొటీన్, గంజి కలిసి గాలితో పొంగింది మాత్రమే. పొంగి పొయ్యి పాడవుతుందనుకుంటే తీసేయండి, భయంతో తీయనక్కర్లేదు.

అపోహ: పప్పూ అన్నమూ ఒకే పూట తినకపోతే ప్రొటీన్ వృథా.

బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, రెండూ ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తాయన్నది నిజం. ఒకే పూట కలిసి తీరాలన్న పట్టుదల 1971లో వచ్చిన ఫ్రాన్సెస్ మూర్ లాపే పుస్తకం ‘డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్’తో బాగా వ్యాపించింది. పదేళ్ల తర్వాతి ముద్రణలో ఆమే ఆ మాటను సవరించుకున్నారు. రోజు మొత్తంలో రకరకాలుగా తింటే శరీరం సర్దుకుంటుంది. పొద్దున నూడుల్స్, సాయంత్రం శనగల సూపు అయినా ఫరవాలేదు.

సోయా మగవాళ్ల హార్మోన్లను దెబ్బతీస్తుందన్న భయానికీ ఆధారం లేదు. అనేక పరీక్షలను కలిపి చూసిన 2010, 2021 విశ్లేషణల్లో టెస్టోస్టిరాన్ మీద ప్రభావం కనిపించలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి.

అపోహ: మునగాకు పొడి, స్పిరులినా చెంచాడు కలిపితే ఇంకేమీ అక్కర్లేదు.

మునగాకు మంచిదే, సూపులో గుప్పెళ్లతో వేయండి. చెంచాడు పొడిలో మాత్రం ప్రొటీన్ ఒక గ్రాము కూడా రాదు. స్పిరులినా మయన్మార్‌కు సొంత సరుకు, సగైంగ్ ప్రాంతంలో బుడాలిన్ దగ్గరి ట్విన్‌టౌంగ్ అగ్నిపర్వత సరస్సులో సహజంగానే పెరుగుతుంది, యాంగోన్ మందుల దుకాణాల్లో బిళ్లలుగా దొరుకుతుంది. అందులో బి12 ఉందని చాలామంది నమ్ముతారు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మన శరీరం వాడుకోలేని నకలు రూపం. పెబోక్‌నూ, పులిసిన పిండినీ నమ్ముకున్నా అంతే. బి12 లోటు రక్తహీనతగా, అరికాళ్ల తిమ్మిరిగా, మతిమరుపుగా మెల్లగా బయటపడుతుంది, నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు పూర్తిగా మానదు. పూర్తి వీగన్‌గా ఉండేవాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, డాక్టరును అడిగి బి12 మాత్ర వేసుకోవాలి. ఎంత చిక్కగా కాచినా పప్పు సూపు దాన్ని ఇవ్వలేదు.