చచ్చిన కణాలను ఎత్తేదెవరు?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కుతుంటే ఛాతీ పట్టేసి, కాసేపు కూర్చుంటే తగ్గిపోతే గుండె ధమని సన్నబడిందేమోనని అనుమానించాలి. తిరుపతి స్విమ్స్‌లోనో, వేలూరు సీఎంసీలోనో యాంజియోగ్రామ్ తీస్తే బ్లాక్ ఉందో లేదో తెలుస్తుంది. కానీ మెట్లన్నీ ఆయాసం లేకుండా ఎక్కినవారికీ ఒక్కోసారి గుండెపోటు వస్తుంది. పూడిక ఎంత పెద్దదన్నదే కాదు, దాని లోపల ఏముందన్నదీ ముఖ్యమే. యాంజియోగ్రామ్ రక్తం పారే దారిని చూపిస్తుంది. గోడ లోపలి సంగతి చూపించదు.

చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ ధమని గోడలోకి దూరి చిక్కుకుంటుంది. దాన్ని తీసేయడానికి మోనోసైట్లనే తెల్లకణాలు అక్కడికి చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. కొవ్వును మింగి మింగి ఉబ్బిపోయి, నురగ కణాలవుతాయి. మోయలేనంత కొలెస్ట్రాల్ పేరుకుంటే చచ్చిపోతాయి.

కణాల చావు మన ఒంట్లో నిత్యం జరిగేదే. పద్ధతి ప్రకారం జరిగే ఈ చావుకు 1972లో కెర్, విల్లీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. చచ్చిన కణాన్ని పక్కనున్న మాక్రోఫేజ్ వెంటనే మింగేసి, వాపు తగ్గించే సంకేతాలు పంపుతుంది. ఈ శుభ్రతే ఎఫరోసైటోసిస్. పూడిక ముదిరేకొద్దీ ఇది కుంటుపడుతుంది. ఎత్తేయని కణాలు పగిలి, లోపలి కొవ్వూ ఎంజైములూ బయటికి కారతాయి. వాపు పెరుగుతుంది, మరిన్ని కణాలు చస్తాయి. అలా తయారైన మెత్తటి ముద్దను నెక్రోటిక్ కోర్ అంటారు. దాన్ని కప్పిన పీచుపొర పలచబడి చిట్లితే రక్తం అక్కడే గడ్డకట్టి ధమని మూసుకుపోతుంది.

శుభ్రత ఎందుకు ఆగుతుంది? ‘నన్ను తినొద్దు’ అని చెప్పే సీడీ47 అనే ప్రోటీన్, చచ్చే కణాల మీద తగ్గిపోవాలి. పూడికలో అది తగ్గడం లేదని 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. యాంటీబాడీతో దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో శుభ్రత మళ్లీ మొదలై, పూడికలు తగ్గాయి. అయితే ఎర్రకణాలనూ మాక్రోఫేజ్‌లు తినేయడంతో రక్తహీనత వచ్చింది. ఆ ఇబ్బంది లేని మందు కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

ఈలోగా మన చేతిలో ఉన్నది, ధమని గోడలోకి చేరే ఎల్‌డీఎల్‌ను తగ్గించుకోవడం. స్టాటిన్ మాత్రలు ఆ పని చేస్తూ పీచుపొరనూ గట్టిపరుస్తాయి. పొగ మానాలి, షుగర్, బీపీ అదుపులో పెట్టుకోవాలి. నొప్పి లేదు కదా అని డాక్టరు రాసిన స్టాటిన్‌ను సొంతంగా ఆపేయకండి. పీచుపొర చిట్లేదాకా లోపలి ముద్ద నొప్పి పుట్టించకపోవచ్చు.