మేళం వెంట నడిచిన చెవులు

పెళ్లిపందిరిలో పెద్దలు లాంఛనాల మాటలలో మునిగి ఉండగా పిల్లలు మేళగాళ్ల చుట్టూ చేరుతారు. సన్నాయి విద్వాంసుని ఉబ్బిన బుగ్గలు, డోలు వాయించే వాని వేళ్లకున్న గట్టి తొడుగులు వారికి వింత. హోసూరు, తిరుత్తణి, కోలారు వైపు తెలుగు పల్లెలలో ఎందరికో సంగీతంపై మక్కువ కలిగింది కచేరీ సభలలో కాదు, ఈ పందిళ్లలోనే. పట్నపు పిల్లలకు అభిమాన గాయకుడు ఉన్నట్లే పల్లె పిల్లలకు అభిమాన మేళం ఉంటుంది. పొరుగూరి మేళం ఎంత గొప్పదైనా తమ ఊరి మేళానికి సాటి రాదని వారి వాదన!

ఈ అభిమానం జీవితాంతం నిలవడానికి కారణం లేకపోలేదు. ఒకే మేళం ప్రతి పెళ్లికీ, ప్రతి ఉత్సవానికీ వస్తుంది; సందర్భాన్ని బట్టి రాగం మారుతుంది. వేకువన భూపాలం, రాత్రి స్వామి పవళింపు వేళ నీలాంబరి, మాంగల్యధారణ క్షణాన గట్టిమేళం. రాగం పేరు తెలియకముందే దాని వేళ, దాని భావం బాలుని మనసులో ముద్ర వేసుకుంటాయి. కొన్నేళ్ల తరువాత అదే రాగంలో సినిమా పాట వినగానే ఎక్కడో విన్నట్లు తోస్తుంది. సంగీతాభిరుచికి ఆ గుర్తింపే మొదటి మెట్టు. బాల్యం చివరి నుండి యౌవనం దాకా విన్న సంగీతమే వార్ధక్యంలోనూ గాఢంగా గుర్తుంటుందని జ్ఞాపకశక్తిపై పరిశోధన చేసినవారు చెబుతారు.

వాద్య లక్షణం కూడా ఇందుకు తోడ్పడుతుంది. నాదస్వరానికి వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడే. స్వరాల నడుమ ఉండే సూక్ష్మమైన ఊగులాట అంతా ఊపిరి ఒత్తిడి వలన, పెదవుల బిగువు వలన, రంధ్రాన్ని సగం మూయడం వలన పుడుతుంది. దగ్గర కూర్చున్న బాలుడు ఆ శ్రమను కంటితో చూస్తాడు. సంగీతం మనిషి ఊపిరిలో నుండి వస్తుందన్న ఎరుక యంత్రంలో పాట వింటే కలగదు.

మేళంపై ఆరాధన మనిషిని ఎంత దూరం నడిపించగలదో షేక్ చినమౌలానా సాహెబ్ జీవితం తెలుపుతుంది. ఆయన 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో నాదస్వర విద్వాంసుల ఇంట జన్మించారు. ఇంటి విద్య చేతిలో ఉన్నా, తమిళనాట ప్రసిద్ధుడైన టి.ఎన్. రాజరత్నం పిళ్లై బాణీ ఆయనను కట్టిపడేసింది. ఆ తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల వద్ద శిష్యరికం చేసి, చివరకు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకుని, మరుసటి ఏడు కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది.

సరిహద్దు కుటుంబాలకు ఇందులో మరొక సంగతి ఉంది. తమిళ విద్వాంసులు వాయించే కీర్తనలలో అధిక భాగం త్యాగరాజస్వామివి, అంటే తెలుగువి. 1968లో వచ్చిన 'తిల్లానా మోహనాంబాళ్' అనే తమిళ చిత్రంలో నాదస్వరంపై వినిపించిన 'నగుమోము' తెలుగు కీర్తనే. తమిళనాడులో 2006 నాటి చట్టం వలన బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇంట తెలుగు మాట్లాడినా అక్షరం రాని పిల్లలు అక్కడ పెరుగుతున్నారు. అటువంటి బాలునికి మాటలు లేకుండా మేళంలో విన్న వరుస నచ్చితే, దాని సాహిత్యం ఏమిటని అడుగుతాడు. అవ్వో తాతో ఒక్క చరణం చెప్పినా, ఆ కీర్తన చదువుకోవడానికి అక్షరాలు నేర్చే కోరిక పుట్టవచ్చు. బడి పుస్తకం చేయలేని పని ఇది.

కాని ఇప్పుడు పెళ్లి ఊరేగింపులను పెద్ద పెద్ద స్పీకర్లు ఆక్రమించాయి. మేళం ముహూర్తానికి మాత్రమే పరిమితమై, అక్కడ కూడా ఫొటోల వారి హడావుడిలో మరుగున పడుతోంది. ఖర్చు తగ్గుతుందని గట్టిమేళాన్ని సైతం రికార్డుతో సరిపెట్టే ఇళ్లున్నాయి; ఈ పొదుపు మెచ్చదగినది కాదు. మేళాన్ని పిలిచేవారు బేరం మాట్లాడేటప్పుడే, వరపూజకు ముందు అరగంట కీర్తనలకు కేటాయించమని అడగవచ్చు. ఆ సమయాన స్పీకరు ఆపించి, పిల్లలకు ముందు వరుసలో చాప వేయిస్తే చాలు. అడిగి వినేవారుంటే విద్వాంసులు ఎన్నడూ కాదనరు.