వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఫారాల అనుకూలీకరణ, డెవలపర్ అమరికలు: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. తెలుగువారితో పాటు ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల కార్మికులు ఇక్కడ పనిచేస్తున్నారు. సరుకు వివరాలు నింపే కంప్యూటర్ ఫారాలు మాత్రం ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి. గడి పేరు అర్థం కాకపోతే నమోదు తప్పుతుంది. మందుల బ్యాచ్ నంబరు తప్పుగా నమోదైతే, లోపమున్న సరుకును వెనక్కి రప్పించడం కష్టమవుతుంది. కనుక ఫారాన్ని మార్చే విధానం భాషాపరంగానూ పరిశీలించదగినది. ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ రూపొందించిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ ఆధారంగా ఈ వ్యాసం ఆ విధానాన్ని వివరిస్తుంది.

2. ఫారాల అనుకూలీకరణ

'కస్టమైజ్ ఫారమ్' ద్వారా కోడ్ రాయకుండానే కొత్త గడిని చేర్చవచ్చు, ఉన్నదాన్ని దాచవచ్చు, తప్పనిసరి చేయవచ్చు. ఈ మార్పులు మూల ఫారాన్ని తాకకుండా డేటాబేస్‌లో విడిగా భద్రమవుతాయి. అందుచేత సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా సాధారణంగా నిలుస్తాయి.

ప్రతి గడికీ రెండు పేర్లుంటాయి. లేబుల్ మనిషి చదివేది. ఫీల్డ్ నేమ్ యంత్రం గుర్తించేది. లేబుల్‌ను 'సరుకు చేరిన తేదీ' అని తెలుగులో పెట్టి, ఫీల్డ్ నేమ్‌ను సరళమైన ఆంగ్ల అక్షరాల్లో ఉంచడం మేలు. లేబుల్‌ను తర్వాత ఎన్నిసార్లు మార్చినా, ఫీల్డ్ నేమ్‌పై ఆధారపడిన నివేదికలు చెదరవు.

3. డెవలపర్ అమరిక

డెవలపర్ మోడ్‌ను సైట్ కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రారంభిస్తారు. అప్పుడు మూల ఫారంలో చేసిన మార్పు డేటాబేస్‌తో పాటు ప్రోగ్రామ్ ఫైళ్లలోకీ చేరుతుంది. ఈఆర్‌పీనెక్స్ట్ సొంత ఫైళ్లను ఇలా మారిస్తే తదుపరి అప్‌డేట్‌తో అవి విభేదిస్తాయి. కనుక మార్పులను ప్రత్యేక యాప్‌గా రూపొందించి, ప్రయోగాత్మక సైట్‌లో పరీక్షించిన తర్వాతే కర్మాగారపు సైట్‌కు తరలించాలి. నిత్యం లావాదేవీలు జరిగే సైట్‌లో ఈ మోడ్‌ను ప్రారంభించి ఉంచడం సరికాదు.

4. పరిమితులు

గడిని తప్పనిసరి చేసినంత మాత్రాన నిజం నమోదు కాదు. వివరం తెలియని ఉద్యోగి సున్నా వేసి ముందుకు సాగవచ్చు. సాఫ్ట్‌వేర్ దాన్నీ అంగీకరించవచ్చు. తెలుగు లేబుల్ ఒక్కటే వలస కార్మికుడికి చాలదు. అందుకే ఫ్రాపేలోని అనువాద సదుపాయంతో, వాడుకరి ఎంచుకున్న భాషను బట్టి అదే గడిని హిందీలోనో, ఒడియాలోనో చూపవచ్చు.

5. ముగింపు

ఫారాన్ని మార్చే అనుమతి కొద్దిమందికే ఉండాలి. అయితే గడికి ఏ పేరు పెట్టాలన్నది ఆ ఫారాన్ని రోజూ నింపే గోదాము ఉద్యోగిని అడిగి నిర్ణయించాలి. పారిభాషిక పదాల నిర్మాణంలో కృషి చేస్తున్న తెలుగు పరిశోధకులకు ఈ గోదాములు కూడా అధ్యయన క్షేత్రాలే.