తిరుపతికి అక్షరములెన్ని? మాన్యువల్ పుటలను తీర్చు ప్రోగ్రాములు

తిరుపతి అను మాటలో అక్షరములెన్ని? నాలుగని రెండవ తరగతి బాలుడైనను చెప్పగలడు. చిత్తూరు అను మాటలో మూడు. కంప్యూటరు లెక్క వేరు. యూనికోడ్ పద్ధతిలో తిరుపతి అని వ్రాయుటకు ఏడు సంకేతములును, చిత్తూరు అని వ్రాయుటకు ఎనిమిది సంకేతములును కావలెను. తకారమునకు ఒకటి, దానిపై గుడికి మరియొకటి, ఒత్తునకు ముందు పొల్లునకు వేరొకటి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ సంకేతములు ఒక్కొక్కటి మూడేసి బైట్లు. కావున మూడక్షరముల చిత్తూరు 24 బైట్లును, నాలుగక్షరముల తిరుపతి 21 బైట్లును ఆక్రమించును!

ఇది వట్టి వినోదము కాదు. తెరపై ఒక వరుసలో ఎన్ని మాటలు పట్టునో, ఎచ్చట వరుస విరువవలెనో నిర్ణయించు ప్రోగ్రామునకు మాట వెడల్పు తెలియక గడవదు. యూనిక్స్ కుటుంబమునకు చెందిన వ్యవస్థలలో ఇట్టి పనిని నిత్యము చేయునది మాన్యువల్ పుటలను తీర్చు ప్రోగ్రాము.

యూనిక్స్‌లో ప్రతి ఆదేశమునకు ఒక వివరణ పుట ఉండుట పరిపాటి. 'మ్యాన్' అని టైపు చేసి పక్కన ఆదేశము పేరు వ్రాసినచో ఆ పుట తెరపై కనబడును. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు బెల్ ప్రయోగశాలలో కూర్చిన మొదటి మాన్యువల్ 1971 నవంబరు 3వ తేదీ నాటిది. దానిని తీర్చిన ప్రోగ్రాము పేరు 'రాఫ్'. అంతకుముందు 1964లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జెరోమ్ సాల్ట్‌జర్ వ్రాసిన 'రనాఫ్' దీనికి పూర్వికుడు. తరువాత జో ఒసానా టెర్మినళ్లకు ఎన్-రాఫ్‌ను, 1973 ప్రాంతమున అచ్చుకూర్పు యంత్రమునకు టీ-రాఫ్‌ను సిద్ధపరచెను. 1990లో జేమ్స్ క్లార్క్ వ్రాసిన జీ-రాఫ్ నేటికిని విరివిగా వాడుకలో ఉన్నది.

వీటన్నిటి పద్ధతి ఒక్కటే. రచయిత మామూలు అక్షరములతో పాఠమును వ్రాయును. వరుస మొదట చుక్క ఉన్నచో అది పాఠము కాదు, ప్రోగ్రామునకు ఇచ్చు సూచన. చుక్క పెట్టి 'బి' అని వ్రాసినచో పక్కనున్న మాట బొద్దు అక్షరములలో వచ్చును.

ఇక్కడ ఒక చిక్కు గలదు. ఆ మాటను బొద్దుగా చూపుమని చెప్పితిమి గాని, అది ఆదేశము పేరా, ఫైలు పేరా అను సంగతి చెప్పలేదు. చూచువానికి ఊహించుకొనుట సులభమే. యంత్రమునకు ఊహ లేదు. బర్కిలీ యూనిక్స్ శాఖలో 1990 నాటికి సింథియా లివింగ్‌స్టన్ రూపొందించిన 'ఎండాక్' సూచనలు ఈ లోపమును తీర్చినవి. అందు చుక్క, ఎన్, ఎమ్ అనిన ఇది పేరు అని అర్థము. చుక్క, ఎఫ్, ఎల్ అనిన ఇది ఐచ్ఛికము అని అర్థము. బొద్దుగా చూపవలెనా, వాలుగా చూపవలెనా అనునది పుటను తీర్చు ప్రోగ్రాము చూచుకొనును.

తిరుమల ఆలయమున లభించిన తాళ్లపాక కవుల రాగిరేకుల సంగతి ఎరిగినవారికి ఈ భేదము వెంటనే తెలియగలదు. రేకుపై సంకీర్తనకు ముందు రాగము పేరు చెక్కబడి యుండును గాని సాధారణముగా స్వరములుండవు. ఇది ఏ రాగమో రేకు చెప్పును; ఎట్లు పాడవలెనో గాయకుడు తేల్చుకొనవలెను. ఉపమానము ఇంతవరకే. ఆనాటి బాణీలు తెలిసినవారు పోగా బాణీలును పోయినవి. మాన్యువల్ విషయమున ఆ 'పాడు విధానము' గూడ ప్రోగ్రాముగా వ్రాసి యుంచబడినది.

అర్థమును గుర్తించు ఈ పద్ధతిని పూర్తిగా వినియోగించుకొన్నది 'మ్యాన్‌డాక్'. క్రిస్తాప్స్ జోన్సన్స్ దీనిని 2008లో ప్రారంభించెను. 2010లో ఓపెన్‌బీఎస్‌డీ వారు తమ మూలవ్యవస్థ నుండి జీ-రాఫ్‌ను తొలగించి మాన్యువళ్లకు దీనినే నియోగించిరి. ఇది ఒకే మూలము నుండి టెర్మినల్ పుటను, వెబ్ పుటను, పీడీఎఫ్‌ను తయారుచేయగలదు. ఏ పుటలో ఏ ఐచ్ఛికము, ఏ దోషము పేర్కొనబడినదో వెదకి చూపగలదు. అయితే టీ-రాఫ్ చేయు పనులన్నియు ఇది చేయదు. మాన్యువల్ సూచనలను, పట్టికలను, సమీకరణములను, టీ-రాఫ్ భాషలో కొంత భాగమును మాత్రమే గ్రహించును.

ఇట్టి ప్రోగ్రామును ఇతరులకు అందజేయవలెనన్న ప్యాకేజిగా కట్టవలెను. ప్రోగ్రాము, దాని మాన్యువల్, లైసెన్సు షరతులు, అది ఆధారపడు ఇతర ప్యాకేజిల పేర్లు అందులో ఉండవలెను. మ్యాన్ అను ఆదేశమును 'మ్యాన్-డీబీ' అను వేరొక ప్యాకేజియు అందించుచున్నది గనుక ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఢీకొనకుండ చూడవలెను. ఇందుకై మ్యాన్‌డాక్‌ను నిర్మించునప్పుడే దాని ఆదేశముల పేర్లు మార్చుకొను వీలు కల్పించినారు.

వీటికంటె కష్టమైనది వర్ణన వ్రాయుట. డెబియన్ నియమముల ప్రకారము మొదటి వరుస 80 అక్షరముల లోపున ఉండవలెను. ప్యాకేజి పేరును తిరిగి చెప్పరాదు. తరువాతి వివరణలో ప్రతి వరుస ఖాళీతో మొదలు కావలెను. ఖాళీ వరుస కావలెనన్న ఖాళీ తరువాత ఒక చుక్క పెట్టవలెను. ఇచ్చటను చుక్కకే పని పడినది! నియమములు చిన్నవే గాని, ఆ కొద్ది మాటలను నమ్మియే జనులు ప్యాకేజిని స్థాపించుకొందురు. మ్యాన్‌డాక్‌ను 'జీ-రాఫ్‌కు బదులు' అని వర్ణించినచో, దానిని నమ్మి జీ-రాఫ్‌ను తీసివేసిన విద్యార్థికి టీ-రాఫ్‌లో వ్రాసికొన్న పరిశోధన వ్యాసము అచ్చు కాదు.

'యూనికోడ్‌ను స్వీకరించును' అను మాటయు ఇట్టిదే. అది అసత్యము కాదు. మ్యాన్‌డాక్ తెలుగు సంకేతములను చెడగొట్టక లోనికి తీసికొని బయటకు పంపును. కాని టెర్మినల్ అనునది చదరపు గళ్ల కాగితము వంటిది. ఏ సంకేతమునకు ఎన్ని గళ్లో ముందుగా లెక్కించి, సాధారణముగా 78 గళ్లకు వరుస నింపవలెను. యూనికోడ్ పట్టికలో గుడి స్థలము ఆక్రమించని గుర్తు. కొమ్ము స్థలము ఆక్రమించు గుర్తు. పొల్లునకు స్థలము లేదు గాని దాని తరువాతి హల్లునకు గలదు. స్థలము లేనివానికి సున్న, తక్కినవానికి ఒక్కొక్క గడి అని లెక్కించినచో తిరుపతికి ఐదు గళ్లు, చిత్తూరునకు ఆరు గళ్లు. చిత్తూరులోని రెండవ తకారము క్రింద వ్రేలాడు ఒత్తు అని ఈ లెక్కకు తెలియదు. ఫలితముగా వరుసలు ఎగుడుదిగుడుగా విరుగును. పక్కపక్కన ఉండవలసిన ఐచ్ఛికములును వాటి వివరణలును తప్పుకొనును. తెలుగున మాన్యువల్ వ్రాయు విద్యార్థి తన రచనయే తప్పనుకొని మరల మరల దిద్దుకొనుచుండును.

అదే పుటను వెబ్ పుటగా మార్చినచో ఈ బాధ లేదు. అప్పుడు మ్యాన్‌డాక్ వరుసలను విరువదు. ఆ పనిని బ్రౌజరుకు వదలును. బ్రౌజరు గళ్లను లెక్కింపక, ఒత్తులు కట్టిన పిమ్మట అక్షరము నిజముగా ఎంత వెడల్పున్నదో కొలిచి వరుసను నింపును. కావున తెలుగువారి కొరకు వర్ణన వ్రాయువారు 'తెలుగు పాఠము వెబ్ పుటగా సరిగా వచ్చును. టెర్మినల్‌పై వరుసలు తప్పవచ్చును' అని స్పష్టముగా చెప్పుట మేలు. ఆ ఒక్క వాక్యము ఎందరికో శ్రమ తగ్గించును.

పాఠశాల కంప్యూటరులో దీనిని పరీక్షించుట కష్టము కాదు. ఊళ్ల పేర్లతో పది వరుసల మాన్యువల్ పుట నొకదానిని వ్రాసి, టెర్మినల్‌పై ఒకసారి, వెబ్ పుటగా ఒకసారి చూడవలెను. అందు శ్రీకాళహస్తిని తప్పక చేర్చవలెను. దానికి అక్షరములు ఐదు, గళ్లు ఏడు, సంకేతములు పన్నెండు, బైట్లు 36.