నీళ్లు లేని చెరువులో బండి పాఠాలు

బెదిరే బిడ్డలకు తండ్రులే గురువులు

చిలమత్తూరు, (మా విలేఖరి): వానలు మొహం చాటేసిన ఏడాది ఈ ప్రాంతపు చెరువులు మరో పనికి వస్తుంటాయి. బీటలువారిన చెరువులో పొద్దుగూకే వేళ ఒక స్కూటరు అటూ ఇటూ ఊగుతూ పోతూ వుంటుంది. దాని వెనుక ఒక తండ్రి పంచె ఎగగట్టి పరుగెత్తుతూ వుంటాడు. బండి మీద వున్నది ఇంటరు ముగించిన కూతురో, పద్దెనిమిది నిండిన కొడుకో. నేర్పాలన్న ఆత్రం తండ్రిదే. నేర్చుకోవాల్సిన వారికి మాత్రం మనసు లేదు.

కుర్రకారంతా బండి అంటే ఎగిరి గంతేస్తారనుకోవడం సరికాదు. పదిహేనేళ్లకే ముగ్గురేసి ఎక్కి వీధులు చుట్టేవారు మన కళ్లబడతారు గాని, తాళంచెవి చేతికిస్తే వెనక్కి జరిగే బిడ్డలూ ప్రతి ఊళ్లో వున్నారు. వారి భయానికి కారణం లేకపోలేదు. కొడికొండ చెక్‌పోస్టు వద్ద 44వ నెంబరు జాతీయ రహదారి మీద (2010కి ముందు అది 7వ నెంబరు) బెంగుళూరు, హైదరాబాదు లారీలు ఎంత వేగంతో పోతాయో చిన్ననాటి నుంచి చూస్తున్నవారే.

ఆడపిల్లలకు మరో సాకు కూడా దొరికింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో వారికి ప్రయాణం ఉచితం. "బస్సు వుంది కదా నాయనా!" అంటే తండ్రికి వెంటనే మాట తోచదు. అయితే ఆ బస్సు చిలమత్తూరు నుంచి లేపాక్షి మీదుగా హిందూపురం పోతుంది గాని పొలం గట్టుకు రాదు. శనక్కాయ చేతికి రాని ఏడాది మగవాళ్లు బెంగుళూరు పనులకు పోతారు. అప్పుడు అర్ధరాత్రి అవ్వకు ఆయాసం వస్తే బండి తీయాల్సింది ఇంట్లో మిగిలిన బిడ్డే. తండ్రి ఆత్రం వెనుక వున్న సంగతి ఇది.

ఎద్దులబండి కాలంలో ఈ బాధ లేదు. ఎద్దులకు ఇంటి దారి తెలుసు. పగ్గాలు పట్టిన పిల్లవాడు కునుకు తీసినా బండి ఇల్లు చేరేది. గేర్లు లేని స్కూటరు అలా కాదు. భయపడితే చెయ్యి బిగుసుకుంటుంది. బిగిసిన చెయ్యి యాక్సిలరేటరును తిప్పుతుంది. బండి ముందుకు దూకుతుంది. తండ్రి "బ్రేకు, బ్రేకు!" అని అరిచేకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. అందుకే మొదటి రోజు ఇంజను స్టార్టు చేయకుండా, బండిని తోస్తూ, ఆపడం ఒక్కటే నేర్పడం మేలు. ఆపగలనన్న ధైర్యం బిడ్డకు వచ్చాకే తాళం తిప్పాలి. ఇసుకలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారుతుందని చెరువులోనే తెలిసిపోతుంది. అక్కడ పడితే మోకాలు దోక్కుపోవడంతో సరి. రోడ్డు మీదైతే అంతటితో పోదు. ఇక నలుగురూ చూస్తుండగా తిట్టే తండ్రి బిడ్డకు మరుసటి రోజు తలనొప్పి రావడం ఖాయం!

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్లవారికి 50 సీసీకి మించని బండికే అనుమతి. ఇళ్లలో వున్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే. వాటికి 18 నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ బిడ్డకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ లెక్కన పద్దెనిమిది దాకా బండి ముట్టనని మొండికేసిన బిడ్డ ఆ తండ్రికి మేలే చేసింది.

ఎల్.ఎల్.ఆర్. చేతికి వచ్చాకే రోడ్డెక్కాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. నెల గడిచాక పరీక్షకు పోవచ్చు. బండికి ముందూ వెనుకా తెల్ల పలక మీద ఎర్ర రంగుతో 'ఎల్' అక్షరం వుండాలి. పరీక్షలో కాలు నేల తగలకుండా ఎనిమిది అంకె చుట్టాలి. దానికి చెరువు మట్టిలో కట్టెపుల్లతో ఎనిమిది గీసుకుని ఎన్నిసార్లయినా తిరగవచ్చు, ఎవరూ అడగరు.

నేర్పేవారికీ లైసెన్సు వుండాలన్నది నిబంధన. చాలామంది తండ్రులు తడబడేది ఇక్కడే. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నా హిందూపురం పోయి లైసెన్సు తెచ్చుకోనివారు ఊళ్లలో వున్నారు. అటువంటివారు ముందు తమది తెచ్చుకోవాలి. అంతవరకు లైసెన్సున్న మేనమామనో, పెదనాన్న కొడుకునో బతిమాలుకుని చెరువుకు పంపాల్సిందే.