పరుగు గాయాలు: భౌతిక చికిత్స, నివారణ

7.0 పరిచయం

మీలో కొందరు డిగ్రీ చదువుతూనే పోలీసు కానిస్టేబుల్ నియామకానికి కూడా సిద్ధమవుతూ ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. ప్రాథమిక రాతపరీక్ష నెగ్గిన అభ్యర్థి ఆ ఒక్క రోజు కాలి నొప్పితో వెనుకబడితే, మరో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడవలసిందే. అందువల్ల పరుగు గాయం చిన్న విషయం కాదు.

ఈ భాగం చదివిన తరవాత మీరు పరుగు గాయాలకు కారణాన్ని వివరించగలుగుతారు. ప్రమాదకరమైన నొప్పిని గుర్తించగలుగుతారు. చికిత్సా సూత్రాలను అన్వయించగలుగుతారు.

7.1 గాయం ఎలా ఏర్పడుతుంది?

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని బొర్రా దగ్గర పల్లెలో ఉండే ఒక అభ్యర్థిని ఉదాహరణగా తీసుకోండి. చుట్టూ కొండలే కాబట్టి అతడు ఘాట్ రోడ్డు మీద, కాలిబాటల మీద సాధన మొదలుపెట్టాడు. చిన్ననాటి నుంచి కొండలెక్కిన కాళ్లు అతడివి. మూడు వారాలకే ఆయాసం తగ్గింది. ఉత్సాహంతో దూరాన్ని రెట్టింపు చేశాడు. నాలుగో వారంలో మోకాలి కింద నొప్పి మొదలైంది.

ఇందులో వింత ఏమీ లేదు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముక అలా కాదు. కొత్త భారం పడినప్పుడు ఆస్టియోక్లాస్టులనే కణాలు ముందు పాత ఎముకను తొలగిస్తాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ చోట కొత్త ఎముకను నిర్మిస్తాయి. తొలగించడానికి సుమారు మూడు వారాలు చాలు. నిర్మాణానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అంటే ఊపిరి బాగా అందుతున్న రోజులలోనే ఎముక తాత్కాలికంగా బలహీనంగా ఉంటుంది. సాధన పెంచేవారు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

దీనికి వాలు తోడవుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 9 డిగ్రీల వాలులో దిగుతూ పరుగెత్తినప్పుడు పాదానికి తగిలే తొలి తాకిడి సమతలం మీద కంటే సుమారు 54 శాతం ఎక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసం మనల్ని ఆపుతుంది. దిగేటప్పుడు ఆపేది ఏదీ ఉండదు.

7.2 నొప్పిని గుర్తించడం

• షిన్ స్ప్లింట్స్: మోకాలి కింది పెద్ద ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి. తొలిదశలో ఒళ్లు వేడెక్కాక తగ్గవచ్చు.
• స్ట్రెస్ ఫ్రాక్చర్: ఎముకలో సన్నని పగులు. ఒక్కచోట వేలితో నొక్కితే తీవ్రమైన నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే విశ్రాంతిలోనూ, రాత్రిపూటా బాధిస్తుంది.
• రన్నర్స్ నీ: మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు, వాలు దిగేటప్పుడు ఎక్కువవుతుంది.

రెండో రకం లక్షణాలుంటే పరుగు వెంటనే ఆపి వైద్యుని కలవాలి. తొలి వారాలలో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది" అని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి. నూనెతో మర్దన చేస్తే హాయిగా ఉండవచ్చు గాని, ఎముక మీద భారం తగ్గదు.

7.3 భౌతిక చికిత్స

స్ట్రెస్ ఫ్రాక్చర్ కాని చాలా గాయాలలో మంచానికే పరిమితం కానవసరం లేదు. భారాన్ని తగ్గించి, తిరిగి క్రమంగా పెంచడమే చికిత్స. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం మడమ వెనుక అకిలిస్ స్నాయుబంధనం నొప్పితో బాధపడుతున్న 15 మందితో రోజూ 180 సార్లు మడమ దించే వ్యాయామం చేయించింది. 12 వారాల తరవాత వారందరూ తిరిగి పరుగెత్తగలిగారు.

షిన్ స్ప్లింట్స్‌కు, రన్నర్స్ నీకి సాధారణంగా అనుసరించే క్రమం ఇది:

1. నడకలో నొప్పి పోయేవరకు పరుగు మానాలి.
2. పిక్క కండరాలకు మడమలెత్తే వ్యాయామం, తుంటికి పక్కకు పడుకుని కాలెత్తే వ్యాయామం చేయాలి. ఒక్కొక్కటి 15 చొప్పున మూడు విడతలు.
3. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా మొదలుపెట్టి పరుగు భాగాన్ని పెంచాలి.
4. 10కి 3 మించని నొప్పి మర్నాటి ఉదయానికి తగ్గితే కొనసాగించవచ్చు. తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి.

7.4 నివారణ

పరీక్షకు మూడు నాలుగు నెలల ముందే సాధన ప్రారంభించండి. దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచకండి. కొండ ఎక్కేటప్పుడు పరుగెత్తి, దిగేటప్పుడు నడవండి. అడుగు పొడవు కాస్త తగ్గించి, అడుగుల సంఖ్య పెంచితే మోకాలిపై భారం తగ్గుతుంది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇంట్లో ఉన్న చోడి అంబలిని చులకనగా చూడకండి. సాధన కాలంలో నెలసరి ఆగిపోయిన విద్యార్థినులు దాన్ని తేలికగా తీసుకోకూడదు. తగినంత ఆహారం అందడం లేదనడానికి, ఎముక బలహీనపడుతోందనడానికి అది సంకేతం కావచ్చు, వైద్యురాలిని సంప్రదించాలి.

7.5 సారాంశం

ఆయాసం తగ్గినంత మాత్రాన కాలు సిద్ధమైనట్లు కాదు. ఎముకకు కావలసిన వ్యవధి ఇవ్వడమే నివారణ. భారాన్ని మెట్టుమెట్టుగా తిరిగి పెంచడమే చికిత్స.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలోని అభ్యర్థికి పరీక్ష ఇంకా పది వారాలుంది. నొప్పి ఒక్కచోటే ఉంది, రాత్రిపూట కూడా బాధిస్తోంది. మీరిచ్చే సలహా ఏమిటి? కారణాలతో ఐదు వాక్యాలలో రాయండి.