డెడ్ కాదు... దాహం!

* పాత బ్యాటరీలకు స్లో ఛార్జింగ్‌తో మరికొన్నాళ్ల ఆయుష్షు
* యాసిడ్ పోస్తే అసలుకే మోసం

బళ్లారి: కరెంటు పోయిన పది నిమిషాలకే ఇన్వర్టర్ కుయ్ కుయ్‌మంటూ ఆగిపోతుంది. తెల్లారి పొలానికి పోదామంటే ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోదు. ఇక బ్యాటరీ పోయినట్లేనని ఇంటాయన దిగులు పడతాడు. బళ్లారి చుట్టుపక్కల మిరప రైతుకైనా, జీన్స్ కుట్టుకుని బతికే ఇంటికైనా కొత్తదంటే ఒక్కసారిగా వేలల్లో ఖర్చు. అందుకే పాతదాన్ని ఆటోలో వేసుకుని ముందు మెకానిక్ దగ్గరికి వస్తారు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న... ‘నీళ్లు ఎప్పుడు పోసినావప్పా?’ చాలామంది దగ్గర జవాబుండదు.

ఎందుకు పాడవుతుంది?

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కోదాంట్లో సీసం ప్లేట్లు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకునేకొద్దీ ప్లేట్లపై లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఛార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వారాల తరబడి ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే మాత్రం గట్టిపడి పెచ్చు కడుతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే బళ్లారి ఎండకు నీళ్లు తగ్గి, ప్లేట్లు బయటపడితే నష్టం రెట్టింపు.

బతికించేదిలా...

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా ఆశ వదులుకోవాల్సిందే. బాగుంటే టెర్మినళ్లు శుభ్రం చేసి, ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. 150 ఏహెచ్ బ్యాటరీకి మామూలుగా 15 ఆంపియర్లు ఇస్తే, దీనికి నాలుగైదు ఆంపియర్లే. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. తర్వాత గుర్తు వరకు నీళ్లు నింపి, హైడ్రోమీటరుతో చూస్తారు. ఆరు సెల్స్‌లోనూ 1.25 దాటితే మంచిదే. ఐదు లేచి ఒకటి పడుకుందంటే ఆ సెల్ పోయినట్లే. ఒక రాత్రి పక్కన పెట్టాక 12.6 వోల్టులు నిలిచి, లోడ్ ఇచ్చినా తట్టుకుంటే గట్టెక్కినట్లు. అయితే కొత్తదాని సత్తా రాదు. ప్లేట్ల నుంచి రాలిపోయిన పొడి మళ్లీ అతుక్కోదు.

యాసిడ్ జోలికి వెళ్లొద్దు

‘కొంచెం యాసిడ్ పోస్తే పికప్ వస్తుందన్నా’ అనేవాళ్లున్నారు. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు. పైన మళ్లీ పోస్తే మీటరులో అంకె పెరుగుతుంది, లోపల ప్లేట్లు తినేస్తుంది. బోరు నీళ్లూ పనికిరావు. వాటిలోని లవణాలు బ్యాటరీని పాడుచేస్తాయి.

ఛార్జింగ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది. మూసిన గదిలో పెట్టినా, పక్కనే బీడీ ముట్టించినా పేలిపోవచ్చు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఛార్జర్ ఆపాకే క్లిప్పులు తీయాలి. కంట్లో యాసిడ్ పడితే ధారగా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తాలి. సీల్ వేసిన బ్యాటరీలు విప్పరాదు. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీతో ఏ ప్రయోగమూ వద్దు.

నిజంగా పోతే...

సీసానికి ధర వస్తుందని కొందరు ఇంట్లోనే పగలగొట్టి గుజరీ అంగడికి వేస్తారు. ఆ సీసం దుమ్ము పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చేస్తే బిల్లులో కొంత తగ్గుతుంది. వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపైనే పెట్టాయి.

ఇంతకీ అసలు వైద్యం ఇంట్లోనే ఉంది. నెలకోసారి నీళ్ల మట్టం చూస్తే చాలు... ఆటో కిరాయీ మిగులుతుంది!